పల్లె బడికి పిడికెడు గింజలు

మన డోర్నకల్ అధ్యక్ష మండల చరిత్ర వ్రాయువారు 1912 డిసెంబరు 29వ తేదీతో ఆరంభించుట వాడుక. ఆనాడు కలకత్తాలోని సెయింట్ పాల్ కతీడ్రలులో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు పదవి నొందిన మొదటి భారతీయుడాయనే. ఈ సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడ కంఠస్థము. 1939లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కతీడ్రలును గూర్చి కూడ చాలినంత వ్రాయబడియున్నది. అయితే ఆ కతీడ్రలు కట్టకమునుపును, కట్టిన తరువాతను, మన పెద్దలలో అనేకులు అక్షరములు దిద్దుకొన్నది గడ్డి కప్పు క్రింద, మట్టి గోడల నడుమనే. ఆ పల్లె బడికి డబ్బు ఎక్కడనుండి వచ్చెను? పంతులుగారు ఏమి తిని పాఠము చెప్పిరి? ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఇదియే.

"మిషనువారు పెట్టిన బడి" అని మనము అలవాటుగా అందుము. ఆ మాట అబద్ధము కాదు గాని సగమే నిజము. రెండవ సగము మన ఇండ్లలో, పొయ్యి ప్రక్కనున్న ముంతలో ఉండెను.

మొదట ఒక విషయము గుర్తు చేయవలెను. డోర్నకల్ చుట్టుపట్లకు సువార్తను తెచ్చినది సీమ దొరల సొసైటీ కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ అను సంఘమును స్థాపించి, తమ స్వంత కానుకలతో, తమ స్వంత మనుష్యులను నిజాము రాజ్యములోని ఈ ప్రాంతమునకు పంపిరి. ఆ కానుకలిచ్చినవారిలో తాటిచెట్లెక్కి, బెల్లము వండుకొని బ్రతికెడు కుటుంబములు ఎన్నో యుండెను. తెలుగు మాట ఒక్కటియు రాని తమిళ తల్లులు, ఎన్నడును చూడని మన పిల్లల కొరకు ఇచ్చిరన్నమాట. అజరయ్యగారు ఆ జిల్లాలోని వెళ్లాలన్విళై అను గ్రామమున 1874లో ఒక పల్లె గురువుగారి ఇంట పుట్టినవారు. ఆయన 1909లో డోర్నకలుకు కాపురము వచ్చునప్పటికే, బీదవారు ఇయ్యలేరు అను మాట ఆయన యెదుట నిలువదు. ఇచ్చెడి బీదవారిని ఆయన చిన్ననాటినుండి చూచియుండెను.

ఆ దినములలో ఒక గూడెమువారు బాప్తిస్మము కోరినప్పుడు, దానితోబాటు అడుగునది పంతులును. "మాకొక పంతులునియ్యండి" అను మనవి, "మాకు బాప్తిస్మమియ్యండి" అను మనవి రెండును ఒక్క నోటనే వచ్చుచుండెను. దానికి మండలమువారిచ్చు జవాబు కూడ ఇంచుమించు ఒక్కటే: ముందు మీరు ఇల్లు కట్టుడి, తరువాత పంతులు వచ్చును. ఆ ఇల్లే వారమంతయు బడి, ఆదివారము గుడి. ఆ పంతులే పగలు ఉపాధ్యాయుడు, ప్రొద్దుగూకిన తరువాత ప్రార్థన నడిపెడు ఉపదేశి.

ఇల్లు కట్టుట చెప్పినంత సులభము కాదు. మొదట స్థలము కావలెను. గూడెము నిలిచిన నేలయే చాలచోట్ల వారిది కాదు, కావున దొరగారినో పటేలుగారినో అడుగవలెను. అక్షరము వచ్చిన కూలివాడు లెక్క అడుగునని ఊరి పెద్దలకు తెలియును. అందుచేత స్థలము సంపాదించుటకే ఒక ఏడాది గడచిన పల్లెలు కలవు. స్థలము దొరికిన పిమ్మట మగవారు మట్టి తొక్కి గోడ పెట్టిరి, ఆడవారు నీళ్లు మోసి, అలికి, సున్నము పూసిరి. కోస్తా వైపు తాటాకు, తెలంగాణ వైపు బోదగడ్డి కప్పిరి. ఈ కప్పు ఒకసారి వేసి విడిచిపెట్టునది కాదు. రెండు మూడు వానాకాలములకు ఒకసారి దించి మరల వేయవలసినదే. ఇంటికొక మనిషి, ఇంటికిన్ని మోపులు అని పెద్దలు వంతులు వేసెడివారు. కూలి చేసికొనువానికి ఒక దినము కూలి పోవుట అనగా ఆ రాత్రి ఇంటిలో పొయ్యి వెలుగకపోవుట. ఈ చాకిరికి వెల కట్టి ఎవరును లెక్కలో వ్రాయలేదు. నివేదికలలో "స్థానిక సహాయము" అని ఒక్క మాటతో సరిపుచ్చిరి.

అంతకన్న గొప్ప ఖర్చు ఇంకొకటి కలదు. అది పిల్లవాడే. ఎనిమిదేండ్లు నిండిన మగపిల్లవాడు ఆసామి ఇంట జీతమునకు కుదిరి పసుల కాచెడివాడు. జీతమనగా రూపాయలు కావు. ఊరిని బట్టి ఏడాదికిన్ని కుంచముల జొన్నలు, చలికి ఒక గొంగడి, పూటకింత గటక. తండ్రి చేసిన బాకీ క్రింద కొడుకును జీతమునకు పెట్టిన ఇండ్లును తక్కువ కావు. అటువంటి ఇంటికి పంతులుగారు పోయి బడికి పంపుమనగా తల్లి అడుగు మాట ఒకటే: "అయ్యా, పోరడు బడికొస్తే బర్లెవరు కాస్తరు? మేమేం తింటం?" ఈ ప్రశ్నకు వాక్యముతో జవాబు చెప్పినవారు ఓడిరి. లాంతరుతో జవాబు చెప్పినవారు గెలిచిరి. పసులు ఇల్లు చేరిన తరువాత రాత్రి బడి పెట్టి, పగలంతయు ఎండలో తిరిగి వచ్చి కునికిపాట్లు పడు పిల్లలకు అక్షరములు నేర్పిరి. ఆ లాంతరు కిరసనాయిలుకు కూడ ఇంటింటికి వసూలు చేయవలసివచ్చెను. చందా అనగానే మనము డబ్బు, గింజలు ఎంచెదము. పిల్లవాని జీతము వదలుకొన్న తల్లిదండ్రులు ఇచ్చినది ఆ రెండింటికన్న ఎక్కువని మేము తలంచుచున్నాము.

ఇక సర్కారు సంగతి. 1854 నాటి ఉడ్ దొరగారి విద్యా పత్రము ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చు పద్ధతికి పునాది వేసెను. పిల్లలవద్ద ఎంత స్వల్పమైనను ఫీజు పుచ్చుకొనవలెననియు ఆ పత్రమే చెప్పెను. మద్రాసు రాజధానిలోని కృష్ణా, గుంటూరు జిల్లాల మిషను బడులు ఈ గ్రాంటు పొందుచుండెను. 1920 ప్రాంతమున మన మండలములో చేరిన కృష్ణా తీరపు సి.ఎం.ఎస్. సంఘములవారు ఇట్టి బడులను వెంట తెచ్చుకొనిరి. ఇనస్పెక్టరు వచ్చు దినమున పలకలు, హాజరు పట్టీ, గోడకు మ్యాపు సిద్ధముగా నుండవలెను. వీటిని సమకూర్చుకొనుటకే మరల ఇండ్లమీద పడవలెను. అనగా ముందు ఇంటి డబ్బు పెట్టిన గాని సర్కారు డబ్బు రాదు. నిజాము రాజ్యములో ఈ మాత్రపు ఆసరాయును అరుదు. అక్కడ ఖాన్గీ బడి పెట్టుటకు సర్కారు అనుమతియు కావలెను, పై చదువులు ఉర్దూలో. కావున డోర్నకల్, ఖమ్మము వైపు పల్లె బడులు సంఘము మీదను, మిషను మీదను ఆనుకొనియుండెను.

ఒకే మండలములో రెండు రాజ్యములు, రెండు నాణెములు ఉండుట చేత కలిగిన తిప్పలు నేటివారికి వింతగా తోచును. కృష్ణా వైపు కానుక కల్దారు రూపాయలలో, డోర్నకల్ వైపు హాలీ సిక్కాలో పడుచుండెను. 7 హాలీ రూపాయలకు 6 కల్దారులు. ఆ కాలపు కోశాధికారులకు భక్తితోబాటు భిన్నముల లెక్క కూడ రావలసియుండెను. గింజలకు మాత్రము ఈ భేదము లేదు.

పిడికెడు బియ్యము అను ఏర్పాటు తెలుగు సంఘములకు మాత్రమే చెందినది కాదు. దూరపు మిజోరాము కొండలలోని మన సహోదరీలు 20వ శతాబ్దారంభమునుండి దీనిని నడుపుచు, నేడును విడువక, ఏటేట కోట్ల రూపాయల విలువకు తెచ్చిరి. మన పల్లెలలో దాని పద్ధతి ఇది. పూట పూటకు వంటకు గింజలు కొలిచినప్పుడు, ఎసటిలో పోయకముందు, ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరు ముంతలో వేయును. శనివారమో ఆదివారమో ఆ ముంతలు గుడికి చేరును, లేదా ఇద్దరు స్త్రీలు గంపతో ఇంటింటికి వచ్చి పోయించుకొందురు. గుడిలో సోలతోనో మానికతోనో కొలిచి, కొంత పంతులుగారి ఇంటికి పంపి, మిగిలినది సంఘస్థులకే అమ్మి, ఆ డబ్బు లెక్కలో వ్రాయుదురు.

పేరు బియ్యమే గాని, మెట్ట తాలూకాలలో ముంతలో పడినవి జొన్నలు, సజ్జలు. వరి అన్నము పండుగనాటి భోజనమైన ఇండ్లలో దినదినము బియ్యమెక్కడిది? నూకలు, జొన్నలు, కందిబేడలు ఒకే గంపలో కలిసి వచ్చినప్పుడు పంతులుగారి భార్య వాటిని ఏరుకొనుటకే సగము దినము పట్టెడిదని పెద్దలు నవ్వుచు చెప్పుచుందురు. డెల్టానుండి వచ్చిన పంతుళ్లకు జొన్న గటక మింగుడు పడుటకు ఒక ఏడాది పట్టెనట.

ఇది చిల్లర సంగతి అని అనుకొనువారు ఒక్కసారి లెక్క కట్టవలెను. ఆడుదాని పిడికెడు సుమారు 40 గ్రాములు అనుకొందము. పూటకొకటి చొప్పున దినమునకు 2 పిడికిళ్లు, నెలకు 60. అనగా గడపకు 2 కిలోల 400 గ్రాములు. 40 గడపల గూడెములో నెలకు 96 కిలోలు. ఆరుగురున్న పంతులు కుటుంబము దినమునకు 3 కిలోల చొప్పున తిన్నను నెలకు 90 కిలోలే. అన్ని గడపలు అన్ని పూటలు ఇయ్యలేదన్నది నిజమే. సగము ఇచ్చినను పంతులుగారి ఇంట సగము పొయ్యి వెలిగినట్లే.

ఈ పిడికెడులో మన చరిత్రకారులు చూడని సంగతి ఒకటున్నది. కూలి డబ్బు మగవాని చేతికి వచ్చును. కొలత మాత్రము ఆడుదాని చేతిలో ఉండును. భర్తను అడుగకుండ ఆమె దేవునికి ఇయ్యగలిగినది ఆ పిడికెడే. అయితే పిడికెడు తీసినందున కుండలో తగ్గిన తిండి ఎవరి గిన్నెలో తగ్గెను? అందరికి వడ్డించి కడపట తిను తల్లి గిన్నెలోనే. ఇంత చేసినను, ముంతలు మోసినది స్త్రీలు, లెక్క వ్రాసినది పురుషులు, బడికి పోయినది ఎక్కువగా మగపిల్లలు. ఆడపిల్ల చంటిబిడ్డను చంకనెత్తుకొని బడి గుమ్మము దగ్గర నిలువబడి విని నేర్చుకొన్నంత నేర్చుకొనెను. బిషప్పుగారి సతీమణి అన్బు అమ్మగారు మదర్స్ యూనియను ద్వారా స్త్రీలను సమకూర్చి, బాలికల చదువు కొరకు పాటుపడినందున ఈ లోటు కొంత తీరెను గాని, అన్ని పల్లెలలో తీరలేదు. తల్లుల పిడికిళ్లతో కుమారులు చదివిరి అని వ్రాసినచో అది కఠినమైన మాటయే గాని అబద్ధము కాదు.

ఏటి కానుకలలో పెద్దది కోతపండుగ. పంట ఇల్లు చేరిన తరువాత ప్రథమ ఫలములు తెచ్చెడివారు. పొలము గలవారు తక్కువ గనుక చాలమంది తెచ్చినది కూలిగా వచ్చిన గింజలే. కోడి, గ్రుడ్లు, గుమ్మడికాయ, మేకపిల్ల, చింతపండు బుట్ట, చేత నేసిన చాప, అన్నియు బలిపీఠము ముందు పెట్టి, ఆరాధన ముగిసిన వెంటనే గుడి ఆవరణలో హర్రాజు వేసెడివారు. ఒక గుమ్మడికాయను ఒకరు పాడుకొని మరల కానుకగా ఇచ్చివేయుట, దానినే రెండవవారు పాడుట, ఇట్లు ఒకే కాయ మూడుసార్లు అమ్ముడుపోవుట మనము నేటికిని చూచుచున్నాము. బడి కప్పు, పంతులు జీతపు బకాయి, పలకలు, ఇవన్నియు ఆ దినపు రాబడి మీద కన్ను వేసికొని యుండెడివి.

స్వయం పోషణ అను ఈ మాటమీద ఆ కాలమున వాదములు లేకపోలేదు. మన పొరుగు బాప్తిస్టు మిషనులో, ఒంగోలున 1866లో కాపురము పెట్టిన క్లౌ దొరగారు, గురువునకు భోజనము పెట్టు అలవాటు పల్లెవారికి పూర్వమునుండి కలదు గనుక ఆ అలవాటు మీదనే సంఘమును నిలుపవచ్చునని తలంచెను. మిషను జీతము నెలనెల రాగానే పల్లెవారి చేయి వెనుకకు పోవుట అనేక మిషనులవారు కనిపెట్టిన సంగతియే. అజరయ్యగారు దానమును గూర్చి ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకమే వ్రాసిరి. 1910లో ఎడింబరో మహాసభలో, విదేశ మిషనరీలు భారతీయులకు స్నేహితులుగా ఉండవలెనని నిర్భయముగా అడిగిన మనిషి, ఎల్లకాలము ఒకరి డబ్బుమీద బ్రతుకు సంఘమునకు ఆ స్నేహము దొరకదని ఎరుగును. 1935 నాటికి ఆయన మండలములో 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉండిరి. ఇంతమందిని విదేశపు చెక్కులతో మాత్రమే పోషించుట ఎవరి తరమును కాదు.

అయినను ఈ పద్ధతిలోని కాఠిన్యమును దాచుట చరిత్రకు తగదు. భూమి లేనివానిని, బాకీలో మునిగినవానిని, నీ బడికి నీవే ఇయ్యవలెనని అడిగిరి. అదే ఊరిలో వాని కష్టముతో గాదెలు నింపుకొన్నవారిని ఎవరును అడుగలేదు. ఆదివారము ఇచ్చినవారి పేర్లు, ఇచ్చిన మొత్తములు చదివెడు ఆచారము కూడ ఉండెను. ఇచ్చినవారి పేర్లు చదువుట అనగా ఇయ్యలేనివారి పేర్లు చదువకనే అందరికి తెలుపుట. ఆ దినమున కొన్ని కుటుంబములు సిగ్గుచేత గుడికి రాకుండుట పెద్దలు ఎరిగినదే. విధవరాలి రెండు కాసుల కథను మనము కానుకల ప్రసంగమునకు వాడుకొందుము గాని, మార్కు సువార్తలో ఆ కథకు ముందున్న రెండు మూడు వచనములను కూడ చదువవలెను. విధవరాండ్ర ఇండ్లు మింగువారి సంగతి అక్కడనే ఉన్నది.

1929లో అమెరికాలో ఆరంభమైన ఆర్థిక మాంద్యము మన పల్లెలను కూడ తాకెను. సీమనుండి వచ్చు డబ్బు తగ్గెను, ఇక్కడ ధాన్యము ధర పడిపోయెను. జీతమంతయు రూకలలో పుచ్చుకొను పంతుళ్లు అందరికన్న ఎక్కువ బాధపడిరి. గింజలలో కొంత పుచ్చుకొనువారి ఇంట కనీసము కుండ బోర్లపడలేదు. ధర పడిపోయినను పిడికెడు పిడికెడే గదా.

తరువాతి మార్పులు త్వరగా జరిగినవి. 1945 జనవరి 1న అజరయ్యగారు ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ ఐక్యత జరిగెను. మరుసటి సంవత్సరము నిజాము రాజ్యము భారత యూనియనులో కలిసెను. 1959లో పంచాయతీ సమితులు వచ్చి, ఊరూరా సర్కారు ప్రాథమిక పాఠశాలలు వెలసినవి. గుర్తింపు పొందిన మన ఎయిడెడ్ బడులలో పంతుళ్ల జీతములు ఖజానానుండి వచ్చుట మొదలాయెను. ఇది గొప్ప మేలు. ఆకలితో పాఠము చెప్పిన పంతులుగారు మొదటిసారిగా తన పిల్లలను కాలేజీకి పంపెను. అయితే పంతులు జీతము ఖజానాకు పోయిన వెంటనే పిడికెడు గురువుగారి జీతపు నిధికి పోయెను. బడిని గూర్చి సంఘ కమిటీలో మాటలాడుట తగ్గెను. కప్పు కారినచో "సర్కారు చూచుకొనును" అనిరి. సర్కారువారు "మేనేజిమెంటు చూచుకొనవలెను" అనిరి. పదవీ విరమణ చేసిన పంతుళ్ల స్థానములో క్రొత్తవారు రాక, మన బడులనేకము ఒంటి ఉపాధ్యాయునితో ఈడ్చి ఈడ్చి మూతబడినవి. ఆంధ్రప్రదేశములో 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వములోనికి తీసికొను చట్టసవరణ వచ్చినప్పుడు, అక్కడి మన సహోదర మండలములవారు తమ బడులను ఏమి చేయవలెనో తోచక తల్లడిల్లిరి.

పిడికెడు కూడ మారిపోయెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాత మెట్ట పల్లెల ముంతలో జొన్నలు పోయి నిజముగా బియ్యము పడినవి. పేరుకు తగిన సరుకు అప్పుడు గాని రాలేదు. ఇప్పుడు చాల ఇండ్లలో అది రేషను బియ్యమే. రేషను బియ్యమును అమ్ముట నేరము గనుక, దానిని వేలము వేయు కోశాధికారి ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు.

నేడు ఏ పాస్టరేటుకు పోయినను ఒక దృశ్యము సాధారణముగా కనబడును. ఆవరణలో క్రొత్త స్లాబు గుడి, పాలరాతి నేల, మైకులు. వెనుక భాగమున కప్పు కూలిన బడి, లోపల చెత్త సామాను. గుడికి లక్షలు ఇచ్చినది ఈ కుటుంబములే. ఇచ్చెడి చేయి మనకు ఎండిపోలేదు. ఆ కుటుంబములే ప్రతి ఉదయము పసుపుపచ్చ బస్సులలో పిల్లలను పది మైళ్ల దూరపు ప్రైవేటు బడికి పంపుచు, అప్పుచేసి ఫీజు కట్టుచున్నవి. బడి స్థలమును దుకాణములకు అద్దెకిచ్చుటయా, అమ్మివేయుటయా, మరల తెరచుటయా అను ప్రశ్న ఇప్పుడు కమిటీల ముందున్నది. తెరచుట వట్టి కల అనువారికి మేము మరియొక లెక్క చూపుదుము. 60 కుటుంబములు దినమునకు 10 రూపాయల చొప్పున ప్రక్కన పెట్టినచో నెలకు 18,000 రూపాయలు. అంతకన్న తక్కువ జీతమునకు ప్రైవేటు బడులలో పాఠము చెప్పుచున్న పంతులమ్మలు మన సంఘములలోనే, మన బెంచీల మీదనే కూర్చుండియున్నారు. అయితే ఈసారి ఆ డబ్బు లెక్క వ్రాయు పుస్తకము ముంత మోసిన తల్లుల చేతికే ఇయ్యవలెను. ఆ బడి స్థలముల పట్టాలు, దానపత్రములు కొన్ని పాస్టరేటులలో ఎవరి పెట్టెలో ఉన్నవో కూడ తెలియదు. ఏ ఆలోచన చేయుటకైనను ముందు వాటిని వెదకి, మండల కార్యాలయమున దాఖలు చేయవలసియున్నది.